మ్వేరా భాష, మ్వేరా జనం: తరచుగా అడిగే ప్రశ్నలు

టాంజానియా ఆగ్నేయ మూలన లిండి, మ్ట్వారా ప్రాంతాల్లో మాట్లాడే మ్వేరా భాష గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇవి జవాబులు. భాషాశాస్త్రం చదివేవాళ్లకు, ఆ ప్రాంతానికి పని మీద వెళ్లేవాళ్లకు, పేరు విని ఇదేమిటా అనుకున్నవాళ్లకు పనికొచ్చేలా రాశాం. టాంజానియా దేశభాష అయిన స్వాహిలీ వస్తే మ్వేరా వచ్చినట్టే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కింది జవాబుల్లో కొన్ని ఆ పొరపాటును సరిచేయడానికే.

మ్వేరా, చిమ్వేరా, కిమ్వేరా, వామ్వేరా... వీటిలో ఏది సరైన పేరు?

అన్నీ సరైనవే, చోటును బట్టి వాడాలి. మ్వేరా, స్వాహిలీ రెండూ ఆఫ్రికాలోని బంటు అనే పెద్ద భాషా కుటుంబానివి. ఆ భాషల్లో మాట మొదట్లో చేరే ఉపసర్గ అర్థాన్ని మారుస్తుంది. భాషను దాని సొంతదారులు చిమ్వేరా అంటారు, స్వాహిలీలో కిమ్వేరా. స్వాహిలీలో ఆ జాతివాడు ఒకడైతే మ్మ్వేరా, పలువురైతే వామ్వేరా. తెలుగులో రాసేటప్పుడు ఉపసర్గ తీసేసి ‘మ్వేరా భాష’, ‘మ్వేరా జనం’ అంటే చాలు. ‘వామ్వేరాలు’ అని రాస్తే బహువచనం మీద బహువచనం పడుతుంది.

మ్వేరా అని వెతికితే వేరే ఏవో వస్తున్నాయి. ఎందుకు?

ఆ పేరుకు దగ్గరి పేర్లు చాలా ఉన్నాయి. జాంజిబార్‌లో మ్వేరా అనే ఊరుంది. ఉత్తరాన పంగని దగ్గర ఇంకొకటి ఉంది. జాంబియా, కాంగోల సరిహద్దులోని సరస్సు మ్వేరు. కెన్యాలోని మేరు జనం, అరూషా దగ్గరి మేరు జనం వేరు. వీటికీ ఈ భాషకూ సంబంధం లేదు.

అసలు ఇబ్బంది పెట్టేది మరొకటి. న్యాసా సరస్సు ఒడ్డున, రువుమా ప్రాంతంలోని మ్బాంబా బే చుట్టుపక్కల ‘న్యాసా మ్వేరా’ అనే చిన్న భాష ఉంది. పేరు ఒకటే, భాష వేరు. దానికి అంతర్జాతీయ భాషా సంకేతం ‘ఎమ్‌జేహెచ్’, మనం మాట్లాడుకుంటున్న మ్వేరాకు ‘ఎమ్‌డబ్ల్యూఈ’. మాల్కమ్ గథ్రీ బంటు భాషలకిచ్చిన వర్గీకరణలో మన మ్వేరా ‘పీ22’. పదజాబితా గానీ ధ్వనిముద్రణ గానీ చేతికొస్తే ముందు అది ఏ జిల్లాలో సేకరించారో చూడండి. లిండి, నచింగ్వేయా, రువాంగ్వా, మసాసి అని ఉంటే ఇదే. సరస్సు, మ్బాంబా బే అని ఉంటే పక్కన పెట్టేయండి. రెండింటినీ కలిపేసిన జాబితాతో ఏ పోలిక చేసినా ఫలితం తప్పే వస్తుంది.

మ్వేరా జనం సరిగ్గా ఎక్కడ ఉంటారు?

హిందూ మహాసముద్రం ఒడ్డున లిండి పట్టణం ఉంది. అక్కడి నుంచి లోపలికి, పడమర దిక్కుగా వెళ్లే మెట్టభూములు వాళ్లవి. రొండో పీఠభూమి, లిండి గ్రామీణ ప్రాంతం (ఇప్పుడు మ్టామా జిల్లా), రువాంగ్వా, నచింగ్వేయా జిల్లాలు వాళ్లు ఎక్కువగా ఉండే చోట్లు. దక్షిణాన మ్ట్వారా ప్రాంతంలోని మసాసి వైపూ ఉన్నారు. చుట్టూ మకోండే, యావో, మకువా, మటుంబి, న్గిండో జనం. ఊరు మారితే భాష మారే ప్రాంతం ఇది, ఒకే ఊళ్లో మూడు భాషల ఇళ్లుండటం మామూలు. 1970ల నడుమ ప్రభుత్వం ఉజామా పేరుతో చెదురుమదురు ఇళ్లను రోడ్ల పక్కన పెద్ద ఊళ్లుగా చేర్చాక ఈ కలగాపులగం ఇంకా పెరిగింది.

ఎంతమంది మాట్లాడతారు?

ఎక్కువగా కనబడే అంకె 2006 నాటి అంచనా, సుమారు 4,69,000. అది అంచనాయే. టాంజానియా జనగణనలో తెగ పేరు అడగడం 1967తో ఆగిపోయింది, కాబట్టి ఆ తర్వాతి అంకెలన్నీ పాత లెక్కల్ని పెంచుతూ పోయినవో, జిల్లా జనాభాను బట్టి వేసినవో. 2022 జనగణన ప్రకారం లిండి ప్రాంతం మొత్తం జనాభా సుమారు 12 లక్షలు. అందులో ఇంతమంది మ్వేరా అని ఎవరైనా కచ్చితంగా చెబితే నమ్మకండి. మ్వేరా వంశం వేరు, మ్వేరా మాట్లాడటం వేరు. ఆ తేడా చూపే లెక్క అసలు లేదు.

ఇది స్వాహిలీకి మాండలికమా?

కాదు. రెండూ బంటు కుటుంబానివే, కొమ్మలు వేరు. స్వాహిలీ తూర్పు తీరపు సబాకి శాఖకు చెందింది. మ్వేరా రుఫిజి-రువుమా శాఖలో యావో, మకోండే భాషల పక్కన కూర్చుంటుంది. స్వాహిలీ మాత్రమే తెలిసిన దార్ ఎస్ సలామ్ మనిషిని ఇద్దరు మ్వేరా ముసలివాళ్ల మధ్య కూర్చోబెడితే అక్కడో మాట ఇక్కడో మాట పట్టుకుంటాడు, సంగతి మాత్రం పట్టుబడదు. తెలుగు మనిషి కన్నడ బస్టాండులో నెట్టుకొచ్చినంత సులువు కూడా కాదు.

తికమక ఎందుకొస్తుందంటే మ్వేరా వాళ్లలో దాదాపు అందరికీ స్వాహిలీ వచ్చు. బయటివాడు కనబడగానే అందరూ స్వాహిలీలోకి మారతారు. వారం రోజులుండి వచ్చినవాడికి ‘అక్కడ అందరూ స్వాహిలీయే’ అనిపిస్తుంది.

తెలుగు తెలిసినవాళ్లకు మ్వేరాలో తేలిగ్గా అర్థమయ్యే విషయం ఏదైనా ఉందా?

ఉంది, అదే ఈ భాషలో భాషావేత్తలు ఎక్కువగా చర్చించే విషయం కూడా.

మన వ్యాకరణంలో ద్రుత సంధి గుర్తుందా? ద్రుతం మీది పరుషాలకు సరళాలు వస్తాయి. పూచెన్ + కలువలు అంటే పూచెంగలువలు. నకారం పక్కన పడ్డ ‘క’ మెత్తబడి ‘గ’ అయింది. మ్వేరాలో సరిగ్గా ఇదే జరుగుతుంది. అనునాసికం వచ్చి చేరితే దాని తర్వాతి పరుషం సరళమవుతుంది: క గ అవుతుంది, ప బ అవుతుంది, త ద అవుతుంది. చాలా బంటు భాషల్లో మనిషిని తెలిపే మూలధాతువు ‘-ంటు’. బంటు అన్న పేరులోనూ, ఉబుంటు అన్న మాటలోనూ ఉన్నది అదే. మ్వేరాలో మనిషి ‘ముందు’. మన తెలుగు ‘ముందు’తో దీనికే సంబంధమూ లేదు, వినడానికి మాత్రం ఒకేలా ఉంటుంది.

తెలుగు ఇక్కడితో ఆగింది, మ్వేరా ఇంకో అడుగు వేసింది. అనునాసికం తర్వాత మొదటి నుంచీ సరళమే ఉన్నచోట ఆ సరళం పూర్తిగా రాలిపోతుంది. పెదవిని ‘లుగొమొ’ అంటారు. బహువచనంలో ‘లు-’ పోయి దాని స్థానంలో అనునాసికం వస్తుంది. ‘ంగొమొ’ కావలసింది, ‘గ’ రాలి ‘ఙొమొ’ అవుతుంది.

రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూలంలో ‘ంక’ ఉంటే ‘ంగ’ అవుతుంది. మూలంలో ‘ంగ’ ఉంటే ‘ఙ’ అవుతుంది. అయితే క నుంచి వచ్చిన కొత్త గ మాత్రం రాలిపోదు. అంటే రాలిపోవడం ముందు, మెత్తబడటం తర్వాత. వరుస తిరగబడితే రెండూ కలిసి ఒకే ‘ఙ’ అయిపోయేవి, మాటల మధ్య తేడా చెరిగిపోయేది. ధ్వనిశాస్త్రంలో సూత్రాల క్రమం గురించి చెప్పేటప్పుడు మ్వేరాను ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఇదే.

అయితే మ్వేరాను తెలుగు లిపిలో రాయొచ్చా?

మనకు చిన్నప్పుడు నేర్పి, తర్వాత వాఙ్మయంలో తప్ప ఎక్కడా వాడనివ్వని ‘ఙ’ అక్షరానికి ఇక్కడ చేతినిండా పని ఉంది. ‘ఞ’ కూడా అంతే. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అయిదూ మనకున్నవే. ఆ లెక్కన రోమన్ లిపి కంటే తెలుగు లిపే దీనికి బాగా నప్పుతుంది.

చిక్కు సున్నాతో వస్తుంది. తెలుగువాడి చెయ్యి అలవాటుగా ‘ఙ’ విన్నచోట ‘ంగ’ రాసేస్తుంది. మ్వేరాలో మూలంలో ‘క’ ఉన్న మాటకూ ‘గ’ ఉన్న మాటకూ బహువచనంలో తేడా నిలిచేదే ఆ ‘గ’ ఉండటం, లేకపోవటం మీద. ఒక్క సున్నా వల్ల సమాచారం పాడవుతుంది. అందుకని సొంత నోట్సు తెలుగులో రాసుకోండి, కానీ ‘ఙ’ ఉన్నచోట ‘ఙ’ అనే రాయండి, నలుగురికిచ్చే ప్రతిని అంతర్జాతీయ ధ్వని లిపిలో తయారు చేయండి.

అక్కడివాళ్లు స్వాహిలీ పద్ధతిలో రోమన్ అక్షరాలు వాడతారు. ‘ఙ’ కోసం ఎన్, జీ రాసి పక్కన ఒక అపాస్ట్రఫీ పెట్టాలి. ఫోన్‌లో సందేశాలు పంపేటప్పుడు ఆ చిన్న గీతను ఎవరూ పెట్టరు. కాబట్టి వాట్సాప్ సందేశాల్లోంచి పదాలు ఏరుకుంటే ‘ంగ’ ఏదో ‘ఙ’ ఏదో తెలియదు. ఎవరైనా గట్టిగా చదివి వినిపిస్తే తప్ప ఆ పదాల్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నామవాచక వర్గాలంటే ఏమిటి? లింగంలాంటివా?

పని ఒకటే, సంఖ్య ఎక్కువ. తెలుగులో ‘రాముడు వచ్చాడు’, ‘సీత వచ్చింది’ అన్నప్పుడు క్రియ చివర కర్తను బట్టి మారుతుంది. మనది మహత్తు, అమహత్తు అని రెండు ముక్కల విభజన. బంటు భాషల్లో పది దాటి వర్గాలుంటాయి: మనుషులకొకటి, చెట్లకొకటి, పొడుగ్గా సన్నగా ఉండే వాటికొకటి, ఇలాగ. గుర్తు మాట చివర కాక మొదట ఉంటుంది, ఆ గుర్తు విశేషణం మీదా, సంఖ్య మీదా, క్రియ మీదా మళ్లీ పడుతుంది. స్వాహిలీలో ‘వతోతో వదోగో వవిలి వలికుజా’ అంటే ఇద్దరు చిన్న పిల్లలు వచ్చారు. నాలుగు మాటలకూ తలమీద ‘వ’. మ్వేరాలో గుర్తులు కొన్ని వేరు, ఏర్పాటు ఇదే.

మ్వేరాలో చూడవలసింది ‘లు-’ వర్గం. దాని బహువచనంలో అనునాసికం వస్తుంది కాబట్టి పైన చెప్పిన సంధి పని అంతా అక్కడే కనబడుతుంది.

క్రియ ఎలా ఉంటుంది?

తెలుగుకు అద్దంలో బొమ్మలాగ. మనం ధాతువు పెట్టి దాని వెనక కాలం, ఆ వెనక పురుష ప్రత్యయం తగిలిస్తాం: చేస్-తున్న్-ఆను. బంటు క్రియలో ముందు పురుష, తర్వాత కాలం, తర్వాత ‘ఎవర్ని’ అన్నది, ఆ తర్వాతే ధాతువు. ధాతువు వెనక ఇంకొన్ని చేరతాయి, మనవాళ్లకు ఇల్లు గుర్తొచ్చేది అక్కడే. చదువు, చదివించు అన్నట్టుగా స్వాహిలీలో సోమా అంటే చదువు, సోమేషా అంటే చదివించు. ఇలాంటి ప్రేరణార్థక ప్రత్యయాలు మ్వేరాతో సహా బంటు కుటుంబమంతటా ఉన్నాయి. ఇంగ్లీషు దారిన వచ్చినవాళ్ల కంటే తెలుగు దారిన వచ్చినవాళ్లకు ఈ భాగం త్వరగా ఎక్కుతుంది.

నేర్చుకోవడానికి పుస్తకాలున్నాయా?

సులభంగా దొరికే వాచకం లేదు. ఆధారపడదగ్గ వ్యాకరణం ఒకటుంది: దక్షిణ టాంగన్యికాలో (టాంజానియా ప్రధాన భూభాగపు పాత పేరు) మిషనరీగా పనిచేసిన లిండన్ హారిస్ రాసింది, 1950లో జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అచ్చు వేసింది. భాష పద్ధతి తెలుసుకోవాలంటే ఇప్పటికీ అక్కడే మొదలుపెట్టాలి. మాట్లాడటం నేర్పే పుస్తకం మాత్రం కాదది.

పని జరిగే వరుస ఇది: ముందు మూడు నాలుగు నెలలు స్వాహిలీ. అది లేకపోతే ఊళ్లో మంచినీళ్లు కూడా పుట్టవు. తర్వాత హారిస్ వ్యాకరణంలో నామవాచక వర్గాలు, సంధులు. ఆ పైన ఊళ్లో కూర్చోవడం. స్వాహిలీ దాటేసి నేరుగా మ్వేరాకు వెళ్దామంటే అడ్డుపడేది భాష కాదు, మనుషులు: మీరు మ్వేరాలో అడిగితే వాళ్లు మర్యాదకొద్దీ స్వాహిలీలోనే జవాబిస్తారు.

ఊళ్లోకి వెళ్లి పదాలు సేకరించాలంటే ఏం చేయాలి?

అనుమతులతో మొదలు. విదేశీయులు పరిశోధన పేరుతో ఏం చేసినా టాంజానియా సైన్స్, టెక్నాలజీ కమిషన్ నుంచి అనుమతి పత్రం కావాలి. దాన్ని ‘కోస్టెక్ పర్మిట్’ అంటారు. అది పట్టుకుని ప్రాంత కార్యాలయానికి, అక్కడిచ్చిన ఉత్తరంతో జిల్లాకు, తర్వాత వార్డు కార్యనిర్వాహక అధికారికి, చివరికి ఊరి అధికారికి. ఈ ఆఖరివాళ్లను ‘మ్టెందాజి’ అంటారు. ఒక్క మెట్టు వదిలినా కింది మెట్టువాడు ‘పైనుంచి ఉత్తరమేదీ’ అని వెనక్కి పంపుతాడు. ప్రతి ఉత్తరానికీ అయిదారు నకళ్లు దగ్గరుంచుకోండి, ఊళ్లో జిరాక్స్ దొరకదు.

మాట్లాడేవాళ్లను ఎంచుకునేటప్పుడు వాళ్ల ఊరొక్కటే అడిగితే చాలదు. తల్లి ఏ ఊరు, ఏ భాష, భార్య లేదా భర్తది ఏ భాష అన్నవి రాసుకోండి. యావో తల్లి, మ్వేరా తండ్రి ఉన్న మనిషి రెండు భాషల్నీ తెలియకుండానే కలుపుతాడు. రెండు భాషలూ ఎంత దగ్గరంటే ఆ కల్తీ తర్వాత మీకు కనబడదు. ముందరి పళ్లు ఊడిన పెద్దవాళ్ల దగ్గర కథలు రికార్డు చేయండి, పదజాబితా వద్దు. దంత్యాలు సరిగ్గా పలకవు.

రికార్డింగ్‌కు ఎంపీ3 వద్దు, వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు. జీడిమామిడి చెట్టు కింద నీడ బాగుంటుంది, ఆకుల గాలి చప్పుడు మాత్రం ‘స’, ‘ష’లను మింగేస్తుంది. గడ్డి కప్పిన ఇంటి లోపలి గది నయం, రేకుల ఇల్లయితే వానాకాలం పనికిరాదు. కోళ్లను ముందే బయటికి తోలించండి.

ప్రతి మాటా మూడుసార్లు చెప్పించండి, రెండోసారి చెప్పింది సహజంగా ఉంటుంది. మొదటిది బెరుకుగా, మూడోది విసుగ్గా వస్తుంది. ఏకవచనం, బహువచనం ఒకే దఫాలో తీసుకోండి. ‘తర్వాత బహువచనాలు అడుగుదాం’ అనుకుంటే సంధి తేడాలు పట్టుకోవడం కష్టం. చాలా బంటు భాషల్లో గొంతు ఎగుడుదిగుడులు అర్థాన్ని మారుస్తాయి, స్వాహిలీలో మారవు. స్వాహిలీ చెవితో వింటే అవి వినబడవు, కాబట్టి మాటను విడిగా ఒకసారి, వాక్యంలో పెట్టి ఒకసారి చెప్పించాలి.

అడగడం ఎలా?

వస్తువు చూపించి ‘హీ ఇనైత్వాజే క్వా కిమ్వేరా?’ అంటే చాలు: దీన్ని మ్వేరాలో ఏమంటారు అని. శరీర భాగాలు, వంట సామాను, చెట్లు, పొలం పనులతో మొదలుపెట్టండి. నెలలు, వారాలు, పెద్ద అంకెలు అడగొద్దు, స్వాహిలీవే వస్తాయి.

వాక్యాల దగ్గర జాగ్రత్త. స్వాహిలీ వాక్యమిచ్చి మ్వేరాలో చెప్పమంటే వాళ్లు స్వాహిలీ అచ్చులో మ్వేరా మాటలు పోసి ఇస్తారు. తప్పు వాళ్లది కాదు, అడిగిన తీరుది. దానికి బదులు ఒక పని ఎలా చేస్తారో చెప్పమనండి: కర్రపెండలం నానబెట్టి, ఎండబెట్టి, దంచి పిండి చేయడం, జీడిపండ్ల రసం పులియబెట్టి ‘ఉరాకా’ అనే పానీయం చేయడం. పది నిమిషాల్లో వంద అనువాద వాక్యాల్లో దొరకనంత వ్యాకరణం దొరుకుతుంది, నవ్వులూ వస్తాయి.

రోజుకింత అని ముందే మాట్లాడుకుని, గంటల లెక్కన ఇవ్వండి. చివర్లో ఇస్తానంటే ఎంతిచ్చినా ఎవరో ఒకరికి తక్కువే అనిపిస్తుంది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించడం కంటే రికార్డింగ్ మొదట్లో నోటితో చెప్పించడం మేలు.

పెద్దవాళ్లను ఎలా పలకరించాలి?

‘షికమో’ అనండి. వాళ్లు ‘మరహబా’ అంటారు. స్వాహిలీ పలకరింపే అయినా ఈ ప్రాంతమంతటా చెల్లుతుంది. ఇది చెప్పకుండా పని గురించి మొదలెట్టడం మోటుతనం. పలకరింపు, ఇంట్లో అందరి బాగోగులు, పొలం, వాన... ఇవన్నీ అయ్యాకే అసలు సంగతి. ఈ వరుస మన పల్లెలు ఎరిగినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మ్వేరా వాళ్లది మాతృవంశ సమాజం అంటారు. అంటే ఆడవాళ్ల పెత్తనమా?

కాదు, తల్లి వైపు లెక్క. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. యావో, మకోండే, మకువా వాళ్లదీ సంప్రదాయంగా ఇదే పద్ధతి. ఇంట్లో మాట చెల్లేది మేనమామది, స్వాహిలీలో ‘మ్జోంబా’. తెలుగువాళ్లకు మేనమామ బరువేమిటో తెలుసు. కానీ మన దగ్గర ఆయన పెట్టిపోతలకు, పెళ్లి తంతుకు పెద్ద, ఆస్తికి కాదు. అక్కడ అధికారమూ వారసత్వమూ మామ నుంచి మేనల్లుడికి వెళ్లేవి. కేరళ మరుమక్కత్తాయం దీనికి దగ్గరి పోలిక. ఇస్లాం, చర్చి, ప్రభుత్వ చట్టం, డబ్బు పంటలు వచ్చాక తండ్రి నుంచి కొడుకుకు ఇవ్వడం పెరిగింది. జీడిమామిడి చెట్టు దశాబ్దాలు నిలిచే ఆస్తి, అది ఎవరిదన్న తగాదాలో రెండు పద్ధతులూ ఎదురెదురు నిలబడతాయి.

జాండో, ఉన్యాగో అంటే?

జాండో మగపిల్లలకు సున్తీతో కూడిన దీక్ష. ఉన్యాగో ఆడపిల్లలకు, పెద్దమనిషి అయ్యే వయసులో. పంట ఇంటికొచ్చాక, వానలు లేని నెలల్లో జరుగుతాయి. పిల్లలు కొన్నాళ్లు విడిగా ఉండి పాటలు, పొడుపు మాటలు, పెద్దల మర్యాదలు నేర్చుకుంటారు. పాత మ్వేరా మాటలు ఎక్కువగా నిలిచి ఉన్నది ఈ పాటల్లోనే. అవి లోపలివాళ్లకే పరిమితం. రికార్డు చేస్తామని అడగడమే తప్పు.

1926లో మసాసి తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన విన్సెంట్ లూకస్ జాండోను నిషేధించకుండా దానికి క్రైస్తవ రూపం ఇచ్చాడు. ఆఫ్రికా మిషన్ల చరిత్రలో ఇప్పటికీ చర్చకొచ్చే ప్రయోగం అది. మ్వేరాల్లో ముస్లిములు ఎక్కువ, క్రైస్తవులూ గణనీయంగా ఉన్నారు. దీక్షా సంప్రదాయం రెండు మతాల్లోనూ తన తోవ చూసుకుంది.

చెక్క శిల్పాలు చెక్కేది వీళ్లేనా?

ఆ పేరు మకోండే వాళ్లది. పొరుగువాళ్లే.

మాజీ మాజీ తిరుగుబాటుతో వీళ్లకేమిటి సంబంధం?

జర్మన్ పాలనలో బలవంతపు పత్తి సాగు మీద కోపం 1905 జులైలో మటుంబి కొండల్లో పేలింది. కిన్జికితిలే న్గ్వాలే అనే దైవజ్ఞుడు ఇచ్చిన మంత్రజలం తూటాలను నీళ్లు చేస్తుందని నమ్మారు. మాజీ అంటే నీళ్లు. మ్వేరా ప్రాంతం కొద్ది వారాల్లోనే లేచింది, న్యాంగావ్‌లోని బెనెడిక్టైన్ (కాథలిక్) మిషన్ ఆగస్టులో ధ్వంసమైంది. జర్మన్లు పంటలు తగలబెట్టి జవాబిచ్చారు. తూటాల కంటే ఆకలికి చచ్చినవాళ్లెక్కువ. మొత్తం చావుల లెక్క జర్మన్లు చెప్పిన 75,000 నుంచి చరిత్రకారులు వేసిన 3,00,000 దాకా ఉంది. 1906లో లైప్‌జిగ్ మ్యూజియం నుంచి కార్ల్ వాయ్లే ఫోనోగ్రాఫ్‌తో పాటలు రికార్డు చేస్తూ ఈ దారిన వచ్చాడు. ఈ ప్రాంతపు తొలి శబ్దాలు మనకు దక్కింది కాలిన ఊళ్ల మధ్య నుంచి.

డైనోసార్ల కొండ ఇక్కడిదేనా?

టెండగూరు. లిండికి వాయవ్యంగా 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. మ్వేరాలో ఆ మాటకు ‘నిటారు కొండ’ అని అర్థం చెబుతారు. 1909 నుంచి 1913 దాకా బెర్లిన్ మ్యూజియం ఇక్కడ తవ్వించింది. వందల మంది కూలీలు 225 టన్నులకు పైగా రాతిఎముకలు తీశారు. వాటిని తలల మీద, భుజాల మీద నాలుగు రోజులు మోసి లిండి రేవుకు చేర్చారు. బెర్లిన్‌లో 13 మీటర్ల ఎత్తున నిలబెట్టిన జిరాఫటైటన్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇక్కడిది. తవ్వకాల మేస్త్రీ బోహేతి బిన్ అమ్రాని పేరు జర్మన్ శాస్త్రజ్ఞుల పేర్ల పక్కన చాలాకాలం కనబడలేదు. ఎముకలు తిరిగివ్వాలన్న మాట టాంజానియాలో అప్పుడప్పుడూ లేస్తూనే ఉంటుంది.

ఏం పండిస్తారు? మన దేశంతో వ్యాపారం ఉందా?

గట్టిగానే ఉంది. జీడి, నువ్వులు, కందులు ఈ ప్రాంతపు డబ్బు పంటలు. తిండికి మొక్కజొన్న, జొన్న, కర్రపెండలం. పచ్చి జీడిగింజ అక్టోబరు నుంచి జనవరి దాకా వస్తుంది, అందులో పెద్ద భాగం ఇండియాకు, వియత్నాంకు వెళ్తుంది. పలాసలోని జీడి పరిశ్రమ కూడా స్థానిక గింజ చాలక ఆఫ్రికా గింజ తెప్పించుకుంటుంది. కందుల్ని అక్కడ ‘మ్బాజి’ అంటారు. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కందుల దిగుమతికి ఏటా రెండు లక్షల టన్నుల హద్దు పెట్టినప్పుడు అక్కడ ధర కుప్పకూలింది. ఇక్కడ పప్పు చవకైతే అక్కడి రైతుకు ఎందుకు తెలిసిపోతుందో దీన్నిబట్టి చూడండి.

అమ్మకం రైతు ఇష్టం కాదు. 2007 నుంచి జీడికి గిడ్డంగి రసీదు పద్ధతి, స్వాహిలీలో ‘స్టకబాధి ఘలాని’. రైతు సరుకును ప్రాథమిక సహకార సంఘానికి ఇస్తాడు, అది గిడ్డంగికి చేరాక వేలం, ఆ తర్వాత డబ్బు. దళారీల తూకం మోసం తగ్గింది, చేతికి డబ్బొచ్చే ఆలస్యం పెరిగింది. 2018లో వేలం ధర నచ్చక ప్రభుత్వమే సైన్యాన్ని దింపి కిలో 3,300 షిల్లింగులకు గింజ కొంది.

నచింగ్వేయా పేరు చరిత్ర పుస్తకాల్లో ఎందుకు కనబడుతుంది?

రెండు కారణాలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో వంటనూనె కరువు. టాంగన్యికాలో 30 లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ వేద్దామని 1947లో పథకం పెట్టారు, మూడు చోట్లలో ఒకటి నచింగ్వేయా. మ్ట్వారాలో రేవు, అక్కడి నుంచి రైలుమార్గం కట్టారు. నేల గుణం, వాన తీరు చూసుకోకుండా ట్రాక్టర్లతో దిగారు. ఎండకు నేల గట్టిపడి కాయలు పెరకడానికి కూడా రాలేదు. దాదాపు 3.6 కోట్ల పౌండ్లు పోయాక 1951లో మూసేశారు. రైలు కూడా 1960ల మొదట్లో పోయింది. వేరుశనగకు ఎలాంటి నేల కావాలో అనంతపురం రైతును ఒక్కణ్ణి అడిగినా చెప్పేవాడు.

రెండోది: 1960లలో మొజాంబిక్ విముక్తి సంస్థ ఫ్రెలిమో గెరిల్లాలకు ప్రధాన శిక్షణ శిబిరం ఇక్కడే. తర్వాత ఆ దేశాధ్యక్షుడైన సమోరా మషేల్ ఆ శిబిరాన్ని నడిపాడు.

మన భాషల మాటలేవైనా అక్కడ వినబడతాయా?

మ్వేరాలోకి స్వాహిలీ ద్వారా వచ్చిన హిందుస్తానీ, గుజరాతీ మాటలు వినబడతాయి. లక్షను ‘లాకి’ అంటారు. పైసా ‘పేసా’, బండి ‘గారి’, బీమా ‘బీమా’యే. బ్యాంకు చెక్కును ‘హుండి’ అంటారు, గుడి హుండీ కాదు సుమా. శతాబ్దాల ఓడ వ్యాపారం వదిలిన గుర్తులివి. తెలుగు నుంచి నేరుగా వెళ్లినట్టు చూపించగల మాట లేదు, ఎవరైనా ‘ముందు’ను పట్టుకుని చుట్టరికం కలిపితే నవ్వి ఊరుకోండి.

నాలుగు లక్షల మందికి పైగా ఉండగా భాషకు ముప్పేమిటి?

సంఖ్య కాదు చూడవలసింది, ఇంట్లో పిల్లలతో ఏ భాష మాట్లాడుతున్నారన్నది. బడి మొదటి రోజు నుంచి స్వాహిలీ, హైస్కూలు ఇంగ్లీషు. మ్వేరా ఏ తరగతిలోనూ లేదు. రేడియోకు, టీవీకి అనుమతించిన భాషలు స్వాహిలీ, ఇంగ్లీషు రెండే. పెళ్లిళ్లు తెగల మధ్య జరుగుతాయి, యావో అమ్మాయి, మ్వేరా అబ్బాయి కాపురంలో మధ్యే మార్గం స్వాహిలీ. తొలి అధ్యక్షుడు న్యెరెరే కాలం నుంచి స్వాహిలీ దేశాన్ని ఒక్కటిగా పట్టి ఉంచింది, తెగల గొడవలు లేని దేశంగా నిలిపింది. అందుకే అక్కడ తల్లిభాష కోసం ఉద్యమమంటే కొందరికి భయం. ఆ భయాన్ని బయటినుంచి తేలిగ్గా కొట్టిపారేయడం తగదు.

ఊళ్లో గమనించడానికి ఒక పద్ధతుంది. బావి దగ్గర, గిరాకీ లేని వేళ కొట్టు అరుగు మీద పిల్లలు తమలో తాము ఏ భాషలో పోట్లాడుకుంటున్నారో వినండి. అమ్మమ్మతో మ్వేరాలో మాట్లాడి, తోటివాళ్లతో స్వాహిలీలో తిట్టుకుంటుంటే మార్పు ఒక తరం దూరంలో ఉన్నట్టు.

అక్కడికి చేరడం ఎలా?

దార్ ఎస్ సలామ్ నుంచి లిండికి దక్షిణంగా సుమారు 450 కిలోమీటర్లు, బస్సులు తెల్లవారుజామునే బయల్దేరతాయి. రుఫిజి నది మీద మ్కాపా వంతెన 2003లో తెరవకముందు వానాకాలంలో ఈ దారి మూసుకుపోయేది, పడవ కోసం రోజుల తరబడి ఆగేవాళ్లు. లిండి నుంచి మసాసి రోడ్డు పట్టుకుంటే న్యాంగావ్, న్దాండా తగులుతాయి. రెండు చోట్లా మిషన్ ఆస్పత్రులున్నాయి, మలేరియా ఎక్కువ కాబట్టి వాటి పేర్లు గుర్తుంచుకోండి. న్దాండా చేరకముందే నంగంగా దగ్గర ఉత్తరానికి తిరిగితే రువాంగ్వా, మసాసి దాకా వెళ్లి తిరిగితే నచింగ్వేయా. వానలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. భాష పనికి జూన్ నుంచి సెప్టెంబరు మంచిది: రోడ్లు ఆరి ఉంటాయి, పంట ఇంటికి చేరి ఉంటుంది, జీడి కోతలు ఇంకా మొదలుకావు. అక్టోబరు దాటాక వెళ్తే మాట్లాడటానికి ఎవరూ ఖాళీగా దొరకరు.